స్వస్థత కార్డులు ఎన్ని

ఐదో తరగతికి లెక్కలు చెప్పడమంటే ప్రతి జూన్‌లో మళ్లీ మొదటికి రావడమే. వన్ థౌజండ్ అండ్ ఫైవ్ రాయమంటే వెయ్యి రాసి దాని పక్కన ఐదు అంటిస్తారు. 10005. కిందటేడు పిల్లలూ అంతే, వాళ్ల ముందరివాళ్లూ అంతే. వన్ బై ఫోర్ పెద్దదా, వన్ బై ఎయిట్ పెద్దదా అంటే ఎయిటే పెద్దదని క్లాసంతా ఒక్క గొంతుతో అరుస్తుంది. చపాతీ గీసి చూపిస్తాను. చపాతీ బోర్డు మీద ఉన్నంతసేపూ అర్థమవుతుంది, డస్టర్ పడగానే అదీ పోతుంది. టీచర్ ఉద్యోగం సేవ అనీ త్యాగమనీ మైకులో చెప్పేవాళ్లని ఒక్క వారం నా క్లాసులో నిలబెట్టాలని ఉంటుంది. మల్కాజ్‌గిరి నుంచి కార్ఖానా ఏరియాలోని మా బడి దాకా బస్సులో వేలాడి వచ్చి మరీ నిలబడాలి.

ఆ డిసెంబరులో నా గొంతు దాదాపు పోయింది. క్రిస్మస్ సెలవులకు ముందు రోజు చాన్స్ పాఠం మిగిలింది. మాట్లాడే ఓపిక లేక టిఫిన్ డబ్బాలో పది చీటీలు వేశాను. మూడు ఎర్రవి, ఏడు తెల్లవి. ఎర్రది వచ్చే అవకాశం త్రీ బై టెన్ అని బోర్డు మీద రాశాను. ముగ్గురు పిల్లలు వచ్చి తలా ఒక తెల్ల చీటీ తీసుకుపోయారు. ఇప్పుడు ఎంత అని అడిగాను. వెనక బెంచీలు కేకు గురించి మాట్లాడుకుంటున్నాయి. ముందు బెంచీలో ఒక్క అమ్మాయి మాత్రం త్రీ బై సెవెన్ అంది. ఆమెది మా చర్చే. ఆదివారం బడిలో కూడా నా దగ్గరే కూర్చుంటుంది పాపం, వారానికి ఒక్క రోజు కూడా నా నుంచి విడుదల లేదు.

"ముందు పోయినోళ్లకు మంచిదా టీచర్, లాస్ట్‌కు పోయినోళ్లకు మంచిదా?" అని అడిగింది.

"ముందువాళ్లు ఏం తీశారో తెలిస్తే చెప్పొచ్చు. ఎర్రవి ఇంకా లోపలే ఉంటే లాస్ట్‌వాళ్లకే మంచిది," అన్నాను. బెల్ కొట్టారు.

నేను సంచి సర్దుకుంటుంటే ఆ అమ్మాయి టేబుల్ దగ్గరికి వచ్చింది. "న్యూ ఇయర్‌కు చర్చిలో వాగ్దాన కార్డులు పెడ్తరు కదా టీచర్. అండ్ల స్వస్థతవి ఎన్నుంటయి?"

వాగ్దాన కార్డులంటే జనవరి ఒకటిన ఆరాధన అయ్యాక మా దగ్గర ఇంటికొకరు వచ్చి తీసే చిన్న అట్టముక్కలు. ఒక్కో దాని మీద ఒక్కో బైబిల్ వాక్యం ఉంటుంది, ఒకటి ధైర్యం గురించి, ఒకటి జబ్బు నయమయ్యే స్వస్థత గురించి. ఏది వస్తే అది ఆ ఏడాదికి ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ షీట్లు కొనుక్కొచ్చి కత్తిరించేది, బోర్లా పేర్చి ట్రే పట్టుకుని నిలబడేది నేనే. చర్చిలో ఏ పని మిగిలినా "టీచరమ్మ ఉందిగా" అంటారు. టీచరంటే ఖాళీ అనుకుంటారు; ఖాళీ కావాలనుకునేవాళ్లు టీచరెందుకవుతారు?

"ఐదో ఆరో ఉంటాయమ్మా," అన్నాను, నా ధ్యాసంతా బస్సు మీద పెట్టి.

జనవరి ఒకటి పొద్దున ట్రే పట్టుకుని నిలబడ్డాను. వరుస షురూ అయింది. ఆ అమ్మాయి వరుసలో చేరకుండా నా పక్కన స్తంభాన్ని ఆనుకుని నిలబడింది. వెనక వచ్చినవాళ్లకు దారి ఇస్తోంది. "మీరు పోండి ఆంటీ, నేను తర్వాత తీస్త." తీసినవాళ్లను వదలకుండా అడుగుతోంది. "మీకేమొచ్చింది అంకుల్?" పండగపూట ఎవరు చెప్పరు? ధైర్యం అన్నారు ఒకరు, శాంతి సమాధానాలు అన్నారు ఇంకొకరు. ఊతకర్రతో వచ్చిన ఒక తాతగారు స్వస్థత అని సంబరంగా చూపిస్తే, ఆ పిల్ల ముఖం వాడిపోయింది. ఒక వేలు మడిచింది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆమె ఏం చేస్తోందో. చివరి వరుసలో వాళ్లమ్మ కూర్చుని ఉంది. చుడీదార్ చున్నీ తల నిండా గట్టిగా చుట్టుకుని ఉంది. కీమో మొదలైనప్పటి నుంచి ప్రతి ఆదివారం ఆమె కోసం మేమందరం ప్రార్థన చేస్తున్నాం.

ఇన్నేళ్లలో నేను చెప్పిన పాఠాన్ని చెప్పినట్టు పట్టుకెళ్లి వాడుకున్న పిల్ల ఈమే మొదలు. ఆ పాఠం చెప్పకపోయినా బాగుండేదనిపించింది. కాళ్లు పీకుతున్నాయి. కార్డులన్నీ బోర్లా ఉన్నాయి. సాయం చేద్దామన్నా ఏది ఏదో నాకే తెలియదు.

వరుస అయిపోయింది. ఆ అమ్మాయి నా ముందుకొచ్చింది.

"నాలుగు పోయినయి టీచర్. మీరు ఐదారు అన్నరు. అంటే ఒకటో రెండో ఉన్నయి. ట్రేల తొమ్మిదున్నయి." గొంతు తగ్గించి, "మస్తు చాన్స్ ఉంది కదా?" అంది.

వన్ బై నైన్ మస్తు చాన్స్ కాదు. టూ బై నైన్ కూడా కాదు. ఆ మాట క్లాసులో అయితే వెంటనే దిద్దేదాన్ని. తలూపి ట్రే ముందుకు జరిపాను.

కళ్లు మూసుకుని ఒకటి తీసింది. చదివింది. ధాన్యపు కొట్లు నిండుతాయని ఉంది అందులో. కార్ఖానాలో రెండు గదుల అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు ధాన్యపు కొట్లు!

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే దగ్గరికి తీసుకుని ఊరుకోబెట్టేదాన్ని. నా ముఖంలోకి చూసి, క్లాసులో డౌట్ అడిగినట్టే అడిగింది.

"రాలేదు. అంటే మా అమ్మకు జీరోనా టీచర్?"

పాస్టర్ అయ్యగారు రెండడుగుల దూరంలో ఉన్నారు. ఆ కార్డులు దేవుడు పంపిన మాటలని ఇందాకే వేదిక మీద చెప్పి దిగారు. నేనూ నమ్ముతాను. నా కార్డు కూడా మా ఫ్రిజ్ మీదే ఉంటుంది. అయినా ఆ పిల్లను ఆ సున్నాతో ఇంటికి పంపడం నా వల్ల కాలేదు.

"కాదు," అన్నాను, ఉన్న కాస్త గొంతుతోనే, అయ్యగారికి వినపడినా సరే అనుకుని. "ఇది అచ్చేసిన కాగితం. నా చేత్తో నేనే కత్తిరించాను. నువ్వు ఏది తీసినా దానికీ మీ అమ్మ ఒంటికీ సంబంధం లేదు."

"మరి అమ్మకు ఎంత?"

"నాకు తెలీదమ్మా. డాక్టరుకు కూడా సరిగ్గా తెలీదు. తెలీదు అంటే జీరో కాదు."

భుజాలు కిందికి దిగాయి. కార్డు వైపు చూసింది, చివరి వరుసలో మెడ చాచి ఇటే చూస్తున్న అమ్మ వైపు చూసింది. నా చెవి దగ్గరికి వచ్చింది.

"మా అమ్మకు మాత్రం చెప్పకండి టీచర్, కాగితమని. పొద్దుగాల్నుంచి దీని కోసమే కూసుంది."

కార్డును రెండు చేతులతో పట్టుకుని, నవ్వుతూ వాళ్లమ్మ దగ్గరికి వెళ్లింది.