అతుకులక్క అల మీద నిలబడ్డ రోజు

తీరం పక్కన రేకుల షెడ్డులో విరిగిన పాడిల్ బోర్డులు బాగుచేసే ఆవిడను అందరూ అతుకులక్క అంటారు. నిలబడి తెడ్డు వేసుకుంటూ పోయే ఆ పొడుగాటి పలకలను ఇరవై ఏళ్లుగా అతుకుతున్నా, ఆవిడ ఒక్కసారైనా ఎక్కి ఎరగదు.

ఒకరోజు పళ్ల డాక్టరు తన పలకను రెండు ముక్కలుగా మోసుకుంటూ వచ్చాడు. "మోకాలెత్తు అలకే విరిగిందక్కా," అన్నాడు సిగ్గుపడుతూ.

"చిన్న అలలే విరుస్తాయి డాక్టరు గారూ. లోతుండదు కదా, పలక ముక్కు ఇసుకలో దిగబడుతుంది, వెనకనుంచి నీళ్లు తోసేస్తాయి."

ముక్కలు కలిపి, ఫైబర్ గుడ్డ చుట్టి, జిగురు పట్టించి, నాలుగు రోజులు ఆరబెట్టింది. తీసుకెళ్లడానికి వచ్చిన డాక్టరు, "ఈసారి ముందు మీరే ఎక్కాలి," అని పట్టుబట్టాడు.

నడుంలోతు నీళ్లలో అతను పలకను పట్టుకుంటే, ఆవిడ మోకాళ్ల మీద ఎక్కి మెల్లగా లేచి నిలబడింది. అతను వదిలేశాడు. కాళ్ల కింద సముద్రం నిద్రలో ఊపిరి తీసుకుంటున్నట్టు కదులుతోంది. ఒడ్డు, షెడ్డు, పొద్దుటి ఎండ అన్నీ ఎవరో చెబుతున్న కథలోవిలా దూరం జరిగాయి. తన బరువు తనకే తెలియలేదు.

ఇంతలో ఒక బుల్లి అల ఆవిడను ఒడ్డుకేసి తోసింది. ముక్కు ఇసుకలో దిగి, పలక ఫటుక్కుమంది.

డాక్టరు పరుగున వచ్చేసరికి ఆవిడ సగం ముక్కను కావలించుకుని పకపకా నవ్వుతోంది.

"చూశారా, అతుకు చెక్కుచెదరలేదు! పక్కన విరిగింది!"

"సరే, లేవండక్కా, చెయ్యివ్వండి."

"ఇంకాసేపు ఉండనీయండి," అంటూ ఆవిడ ఆ ముక్క మీదే చెంప ఆనించి కళ్లు మూసుకుంది.