ఉయ్యాలో అనేవాళ్లు

పెత్రమాస, అంటే పితృ అమావాస్య నాడు పొద్దున మా ఇంటి మగవాళ్లు పోయిన పెద్దల పేరిట పంతులుకు బియ్యం ఇస్తారు. అదే సాయంత్రం కార్వాన్‌లోని మా గల్లీ ఆడవాళ్లు ఎంగిలిపూల బతుకమ్మ ఆడతారు. మా ఇంటికి ఇంకో పద్ధతి ఉంది. పాట చివర, మా ఇంట్లో పోయిన ఆడవాళ్ల పేర్లు ఒక్కొక్కటే పిలవాలి. ప్రతి పేరుకూ చుట్టూ తిరిగేవాళ్లు చప్పట్లు కొట్టి ‘ఉయ్యాలో’ అనాలి. అందరూ అంటేనే ఆ మనిషికి అందుతుందని అమ్మ చెప్పేది. అమ్మ చనిపోయిన ఏడాది మైల అని బతుకమ్మ పేర్చలేదు. ఈసారే ఆమె పేరు మొదటిసారి పిలవాలి.

పదో తరగతితో బడి ఆగింది గానీ నా చదువు ఆగలేదు. నయాపూల్ దాటి లైబ్రరీకి వెళ్లి, అక్కడున్న బతుకమ్మ పాటల పుస్తకాలన్నీ చదివాను. రాజులున్నారు, దేవతలున్నారు, అత్తాకోడళ్లున్నారు. మా పాట లేదు. అమ్మ ఉన్నప్పుడే ఆ మాట గర్వంగా చెప్పాను. “బుక్కుల ఉంటె ఇగ మనమెందుకు బిడ్డా” అంది.

ఈసారి పెత్రమాస పొద్దున బియ్యం ఇచ్చేటప్పుడు పంతులు పేర్లు అడిగాడు. తమ్ముడు నాన్న, తాత, ముత్తాత పేర్లు తడుముకోకుండా చెప్పాడు. అమ్మ పేరూ చెప్పాడు. నాయనమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆమె చేతి ముద్దలు తిని పెరిగినవాడు. పేరు తెలియకపోతే గంగమ్మ అన్నా చెల్లుతుందన్నాడు పంతులు. నేను లోపలి నుంచి వచ్చి అసలు పేరు చెప్పేసరికే తమ్ముడు గంగమ్మ పేరు మీద నీళ్లు వదిలేశాడు.

“అయిపోయింది గదక్కా. మల్ల లొల్లెందుకు?” అన్నాడు తమ్ముడు.

సాయంత్రం బతుకమ్మలు పెట్టే చోట మనిషెత్తు డీజే పెట్టెలు దిగాయి. ఒక్క పాట సేపు ఆపమని బస్తీ కమిటీ పెద్దను అడిగాను. అమ్మ పేరు పిలవాలని చెప్పాను. అమ్మ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద ఏటేటా తిన్న మనిషే.

“ఆపితే పిల్లలు పక్క గల్లీకి పోతరక్కా. పేరే గదా, ఫికర్ చెయ్యకు. మైకుల చెప్పిస్త.”

చెప్పించాడు. చందా ఇచ్చినవాళ్ల పేర్ల మధ్య అమ్మ పేరు చదివారు. ఆమె కూడా ఇచ్చిందనుకుని జనం చప్పట్లు కొట్టారు. మళ్లీ డీజే మోగింది.

మా బతుకమ్మను ఎత్తుకుని నల్లా పక్కన గోడవారకు తెచ్చుకున్నాను. మరదలిని పిలిచాను. మొహమాటానికి వచ్చింది. పాటెత్తి, చివరికొచ్చాక, పొద్దున గంగమ్మగా మారిన నాయనమ్మను అసలు పేరుతో ముందు పిలిచాను. మరదలు ఉయ్యాలో అంది, కానీ ఆమె చప్పట్లు డీజే దరువుకే పడుతున్నాయి. ఇంకో పేరుకు కూడా అంది. ఇంతలో ఎవరో ఫొటోకి రమ్మంటే, “ఇప్పుడే వస్త వదినా” అని వెళ్లింది.

కాసేపు చూశాను. రాలేదు.

అమ్మ పేరు పిలిచాను. ఉయ్యాలో కూడా నేనే అన్నాను. ఒక్క గొంతు చాలదని చెప్పింది ఆమే.