స్టెల్లా అత్తకు మా చేను గట్టు చెట్టు

ఈ రోజు పొద్దున మా అమ్మ మచ్చుకత్తి పట్టుకుని చేను గట్టుకు బయలుదేరింది. ప్రతి క్రిస్మస్‌కూ గట్టు మీది సరుగుడు మొక్కల్లో ఒకటి కొట్టి, కేజీఎఫ్‌లో ఉండే స్టెల్లా అత్తకు ఇచ్చి రావడం మా ఇంటి ఆనవాయితీ. మా నాన్న, ఆమె భర్త అక్కడి బంగారు గనిలో ఒకే షిఫ్టులో దిగేవాళ్ళు. గని మూతపడింది, వాళ్ళిద్దరూ పోయారు, చెట్టు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

మాలూరు నుంచి వచ్చిన మా మామ అమ్మకు అడ్డం నిలబడ్డాడు.

"వాళ్ళ పండగకి మనం చెట్టు కొట్టేదేందక్కా? అంతగా కావాలంటే ఒక ప్లాస్టిక్‌ది కొనిచ్చేస్తే సరిపోతాది గదా!"

"ఉగాదికి వాళ్ళ పెరట్లో మామిడాకులు కోసుకొచ్చి మన గుమ్మానికి కట్టేది ఎవరురా? ఆయమ్మే గదా! ఆ పొద్దు ప్లాస్టిక్ ఆకులు కడితే ఊరుకుంటావా నువ్వు? జరుగు పక్కకి!"

రెండు వేట్లకు చెట్టు పడింది. నేను నడిపే బండి మీద అది నిలవలేదు, వెనక ఎవరో ఒకరు పట్టుకుని కూర్చోవాలి. అమ్మ మామ వైపు చూసింది. చేతిలో కత్తి ఇంకా అలాగే ఉంది. మామ ఎక్కి కూర్చున్నాడు. దారి పొడుగునా నా వీపుకు సరుగుడు ఆకులు గుచ్చుకుంటూనే ఉన్నాయి, ఆ ఆకుల్లోంచి మామ సణుగుడు వినబడుతూనే ఉంది.

స్టెల్లా అత్త వాకిట్లోకి వచ్చి, "ఈ తూరి నువ్వు తెచ్చినావా అప్పా?" అంది.

"ఊ, నేనే తెచ్చినానమ్మా," అన్నాడు మామ!

మనకెందుకీ చెట్టు అనేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వచ్చే డిసెంబరులో రండి. మా బండి వెనక సీటు మీకే.