వర్సిదీ పూర్తి చేయని మాట

దీవుల్లోని చిన్న ఆసుపత్రులు పంపే ఎక్స్‌రేలు సురబయ నగరంలోని పెద్దాసుపత్రిలో ఒక సర్వర్‌లోకి వచ్చి చేరతాయి. పదిహేడేళ్లుగా దానికి కాపలా వర్సిదీ. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఎదురు చెప్పలేదని పెద్దలు అతన్ని మెచ్చుకునేవారు. మెచ్చుకోవడానికి ఖర్చేముంది!

ఒక సోమవారం ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల దగ్గర నుంచి హెచ్చరిక వచ్చింది. బయటివాడెవడైనా అంతులేని ఆదేశం పంపుతూ పోతే, సర్వర్ అది ముగిసేదాకా మింగుతూ కూర్చుంటుంది. మెమొరీ నిండిపోయి అందరికీ తలుపు మూసేస్తుంది. కిటికీ దగ్గర ఒకడు మాట తెమల్చకపోతే వెనక వరుసంతా ఎండలో మాడినట్టు. అరగంట సర్వర్ ఆపి, వాళ్లు సరిచేసి పంపిన కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చాలు. దానికి ఆ విభాగం పెద్దాయన కుస్నాదీ అనుమతి కావాలి. వర్సిదీ ఆయన గదికి వెళ్లాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను ఏరికోరి తెచ్చింది ఆయనే. పైగా ఆ వారమే ఆయన కూతురి పెళ్లి.

"రా వర్సిదీ, టీ తాగు. పెళ్లికి బాతిక్ అద్దకం చొక్కా కుట్టించావా, ఆ పాతదేనా?"

"కుట్టించానయ్యా. మన సర్వర్..."

"బంగారంలా నడుస్తోంది కదూ? తెచ్చినప్పుడు అందరూ నవ్వారు."

"అవునయ్యా. అదే..."

"చెప్పు."

"ఏం లేదయ్యా. పెళ్లి బాగా జరగాలి."

తిరిగొచ్చిన అతన్ని చూసి పక్క సీటు రత్మి నవ్వింది. "చెప్పలేదు కదూ? ఇల్లు అంటుకున్నా నువ్వు చెప్పులు విప్పి, తలుపు తట్టి, టీ తాగి అప్పుడు చెబుతావన్నా!"

పెళ్లయింది. ఇన్నాళ్లూ ఎందుకు దాచావంటారని వర్సిదీ ఇంకొన్నాళ్లు ఆగాడు.

హెచ్చరిక వచ్చిన పందొమ్మిదో రోజు పొద్దున ఎవడో ఆ అంతులేని ఆదేశం పంపాడు. సర్వర్ పడిపోయింది. లేపితే మళ్లీ పడింది. అప్పుడే కంగెయాన్ దీవి డాక్టరు ఫోన్ చేశాడు.

"మొహ్లిస్ అని, చేపలు పట్టే మనిషి. లంగరు తాడులో కాలు నలిగింది. ఎక్స్‌రే వెళ్లట్లేదు. పదింటికి పడవ. ఎక్కించాలో వద్దో మీ ఎముకల డాక్టరే చెప్పాలి. త్వరగా!"

ఫోన్‌లో పంపిన ఫొటో మసకగా ఉండి ఎముకల డాక్టరు ఏమీ తేల్చలేకపోయాడు. పడవ వెళ్లిపోయింది. తర్వాతది మూడు రోజులకు వచ్చింది. అందులో సురబయ చేరిన మొహ్లిస్‌కు మోకాలి కింద కాలు తీసేశారు.

"అయ్యా, నాకు ముందే తెలుసు," అన్నాడు వర్సిదీ.

కుస్నాదీ చెయ్యెత్తాడు. "ఊరుకో. దేవుడి రాత. నీలాంటివాడు ఎవరికి అపకారం చేస్తాడు?"

"హెచ్చరిక నా దగ్గరే..."

"టీ చల్లారుతోంది, తాగు."

వర్సిదీ తాగాడు. లేచి మొహ్లిస్ ఉన్న వార్డుకు నడిచాడు.

"డాక్టరుగారా?" అన్నాడు మొహ్లిస్.

"కాదు. మీ ఎక్స్‌రే రావాల్సిన మిషనుకు కాపలావాణ్ణి. అది పడిపోవచ్చని పందొమ్మిది రోజుల ముందే తెలుసు. చెప్పలేదు."

మొహ్లిస్ మోచేతి మీద పైకి లేచాడు. "ఎందుకు?"

"మా పెద్దాయన ఇంట్లో పెళ్లి," అన్నాడు వర్సిదీ.