పోపా కొండ మీద మంచినీళ్ళు

మా బందరు ఇంట్లో వెనక వాటా వాళ్ళు ఎండు రొయ్యలు వేయిస్తున్నారు. మంగినపూడి నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చే చేపలావిడ దగ్గర కొన్నవే అయి ఉంటాయి. ఆ వాసన కిటికీ దాటి వచ్చి, నేను దిద్దుతున్న బడిపిల్లల పరీక్ష పేపర్లను పక్కన పెట్టించి, గుడివాడ అవతల కాలవగట్టు పక్కనుండే మా అమ్మమ్మ వంటింట్లోకి నన్ను లాక్కుపోయింది. క్రిస్మస్ ముందు రోజు ఆ వంటింట్లో పొద్దుటి నుంచీ రొయ్యలు వేగుతుండేవి, వెల్లుల్లి రేకలు నూనెలో ఎర్రగా కరకరలాడుతుండేవి, పొయ్యి మీద కొబ్బరిపాలు చిక్కబడుతుండేవి. వాటన్నిటినీ ఉడికించిన సేమ్యా మీద పోసి, ఉల్లికాడలు చల్లి, నిమ్మకాయ పిండి గిన్నెల్లో పెట్టి ఇచ్చేది మా అమ్మమ్మ రూతమ్మ. మా వీధిలో అందరూ అరిసెలూ జంతికలూ వండేవాళ్ళు, మేమూ వండేవాళ్ళం, కానీ పిల్లలు వరసకట్టేది మాత్రం ఈ సేమ్యా కోసమే. అది బర్మా వంట అని నాకు చాలా ఏళ్ళు తెలియదు.

అమ్మమ్మ రంగూన్‌లో పుట్టింది. ఆమె నాన్న, అంటే మా ముత్తాత, అక్కడి బియ్యం మిల్లులో పనికి వెళ్ళి స్థిరపడ్డాడు. ప్రభుత్వం మారి మనవాళ్ళు వెనక్కి రావలసి వచ్చినప్పుడు, పదిహేడేళ్ళ పిల్లగా తల్లిదండ్రులతో ఓడెక్కి వచ్చింది. ఊళ్ళో ఆమెను చివరిదాకా బర్మా రూతమ్మ అనే పిలిచారు. ఎండాకాలం రాగానే ఏదో చెట్టు బెరడు రాయి మీద అరగదీసి, చందనం రంగు ముద్దని మా చెంపల మీద గుండ్రంగా పూసేది, మేము ఆ చెంపలతోనే బడికి వెళ్ళి అందరిచేతా నవ్వించుకునేవాళ్ళం.

మా వైపు నేల పీట వేసినట్టు చదును. మా ఊళ్ళో అన్నిటికంటే ఎత్తైనది చర్చి గంట స్తంభం, దాని తరవాత కోతలప్పుడు వేసే గడ్డివాములు, ఆ తరవాత మిల్లు వెనక ఉండే ఊక గుట్ట. ఆ గుట్టకి నిప్పంటిస్తే పైన బూడిద కట్టి చల్లగా కనిపించేది గానీ లోపల వారాల తరబడి రాజుకుంటూనే ఉండేది. ఏడేళ్ళప్పుడు పందెం కాసి దాని మీదకి పరిగెత్తి, మోకాలి దాకా దిగబడి, అరికాలు కాల్చుకున్నాను. అమ్మమ్మ సున్నపు తేటలో కొబ్బరినూనె గిలక్కొట్టి కాలికి రాస్తూ, ఏడుపు మాన్పించడానికి కథ మొదలుపెట్టింది.

"మా బర్మాలో ఒక కొండుందే అమ్మడూ. ఒకప్పుడు దాని కడుపు నిండా నిప్పే. ఇప్పుడు చల్లారిపోయింది. నెత్తి మీద బుద్ధుడికి బంగారు గుళ్ళు కట్టారు. ఏడొందల పైచిలుకు మెట్లు. మెట్టుకో కోతి."

"నువ్వెక్కావా అమ్మమ్మా?"

"ఎక్కకుండానే చెప్తున్నానా?"

ఆ తరవాత అన్నం తిననన్నప్పుడల్లా, జ్వరం వచ్చినప్పుడల్లా, పాలకాయతిప్ప సముద్రపు ఒడ్డుకి ట్రాక్టరు మీద విహారానికి వెళ్ళేటప్పుడూ ఆ కొండ కథే. కోతులు చేతిలో అరటిపండు ఎలా లాక్కుంటాయో, మెట్ల మలుపులో కుండలు పెట్టి ఎక్కేవాళ్ళకి మంచినీళ్ళు ఎలా పోస్తారో, గాలి వీస్తే పైన చిరుగంటలు ఎలా మోగుతాయో అన్నీ చెప్పేది. కొండంటే ఏమిటో తెలియని నాకు ఆ కొండ మా పెరడంత పరిచయం.

నాకు బాగా పరిచయమైన చోటు ఇంకొకటి ఉంది. ఈస్టర్‌కి ముందు రోజు మాకు సమాధుల పండుగ. వారం ముందే పిచ్చిమొక్కలు పీకి, సమాధులకి సున్నం వేసి, ఆ సాయంత్రం చామంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, గాలికి ఆరిపోయినవాటిని మళ్ళీ మళ్ళీ వెలిగిస్తూ చీకటిపడేదాకా పాటలు పాడేవాళ్ళు. మా కుటుంబానివి మూడు సమాధులు. ముత్తాతదీ ముత్తవ్వదీ పెద్దవి. వాటి పక్కన చిన్నది మేరీ అమ్మమ్మది. ఆవిడ మా అమ్మమ్మకి అక్క. బర్మా నుంచి వస్తుంటే ఓడలో జ్వరమొచ్చి పోయిందని, శవాన్ని సముద్రంలోనే వదిలారని, గుర్తుగా ఊళ్ళో ఉత్త సమాధి కట్టించారని చెప్పేవారు. ముత్తాత బతికినన్నాళ్ళూ ఏటా దాని మీద పడి ఏడ్చేవాడట. చిన్నది కాబట్టి దాన్ని శుభ్రం చేసే పని నాకిచ్చారు. చీపురుతో ఊడుస్తూ నేను మేరీ అమ్మమ్మతో మాట్లాడేదాన్ని, లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పేదాన్ని, చెప్పకూడనివి కూడా చెప్పేదాన్ని. నాకు చాలా ఇష్టమైన మనిషి ఆవిడ.

నేను ఆరో తరగతి పూర్తి చేసిన వేసవిలో, వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరుగా ఉన్న మా మావయ్యని రెండేళ్ళ పని మీద రంగూన్ పంపించారు. "అమ్మా, నువ్వు పుట్టిన ఊరు చూద్దువుగాని రా," అని పిలిచాడు. అమ్మమ్మకి తోడుగా నన్ను పంపారు. రంగూన్‌లో మావయ్య ఏది చూపించబోయినా అమ్మమ్మ వద్దంది. తను చదివిన బడి కూడా వద్దంది.

"ఆ కొండొక్కటి చూపించరా. చాలు."

కార్లో ఒక రోజంతా ప్రయాణం. రెండో రోజు పొద్దున తాటితోపుల మధ్య నుంచి, తాటిబెల్లం కాస్తున్న పాకల పక్క నుంచి వెళ్తుంటే మన దివిసీమలోనే ఉన్నామనిపించింది. అంతలో రోడ్డు మలుపు తిరిగింది. నేల మీద నుంచి నిట్టనిలువుగా ఒక బండ ఆకాశంలోకి లేచి ఉంది. దాని కొసన, ఎవరో చేత్తో పట్టుకెళ్ళి జాగ్రత్తగా పెట్టినట్టు, బంగారు గోపురాలు. అగ్నిపర్వతం చల్లారి ఎన్నో వేల ఏళ్ళయిందనీ, దాని గొంతులో గడ్డకట్టిన రాయే అలా మిగిలిందనీ మావయ్య చెప్పాడు. గడ్డివాము కంటే పెద్దదాన్ని చూడని పిల్లని నేను. అమ్మమ్మ వైపు తిరిగాను. ఆమె నాకంటే ఎక్కువ నోరు తెరుచుకుని చూస్తోంది.

"ఇంతుంటుందనుకోలేదే," అంది.

"అదేంటి, నువ్వెక్కానన్నావుగా?"

కొండ కింద చెప్పులు వదిలి ఎక్కాలి. గుడి ప్రసాదం చేతికిస్తే వినయంగా పక్కవాళ్ళకి ఇచ్చేసే మా అమ్మమ్మ, చేతిసంచీలో బైబిలు లేకుండా గడప దాటని మా అమ్మమ్మ, చెప్పులు విడిచి ఆ బుద్ధుడి మెట్ల మీద కాలు పెట్టింది. నలభై మెట్లకోసారి ఆగుతూ ఎక్కింది. కోతులు నిజంగానే మెట్టుకొకటి ఉన్నాయి. నేను ఒకసారి కిందకి చూసి, కారు అగ్గిపెట్టెంత కనిపించేసరికి కళ్ళు తిరిగి, మావయ్య చొక్కా పట్టుకుని మళ్ళీ వదల్లేదు.

సగం దూరంలో ఒక మలుపు దగ్గర రేకుల నీడలో కుండలు పెట్టి ఉన్నాయి, మన చలివేంద్రంలాగే. గులాబీ రంగు బట్ట కట్టుకుని, గుండుతో ఉన్న ఒక ముసలి సన్యాసిని ఎక్కేవాళ్ళకి గ్లాసులతో నీళ్ళిస్తోంది. అమ్మమ్మ ఆమె ముందు ఆగి బర్మా భాషలో ఏదో అడిగింది. అమ్మమ్మ నోట ఆ భాష నేను వినడం అదే మొదటిసారి. సన్యాసిని తలూపి గ్లాసు అందించింది. అమ్మమ్మ అందుకుంది గానీ తాగలేదు.

"అక్కా," అంది.

ఆవిడ చాలాసేపు చూసింది. తరవాత, మరిచిపోయిన మాటల్ని ఒక్కొక్కటే వెతుక్కుంటున్నట్టు అంది. "రూతూ... ముసలిదానివైపోయావే."

"ఎవరమ్మా ఈవిడ?" మావయ్య అడిగాడు.

"మీ పెద్దమ్మరా. మేరీ అక్క."

"చచ్చిపోయిందిగా! మేరీ అమ్మమ్మ చచ్చిపోయిందిగా! నేను సమాధికి సున్నం కూడా వేశాను!" అని గట్టిగా అరిచేశాను. మెట్లెక్కుతున్నవాళ్ళు ఆగి చూశారు. తెలుగు విని యాభై ఏళ్ళయిన ఆ మనిషికి నా మాటల్లో ఒక్కటి మాత్రం అర్థమైంది.

"సమాధా? ఎవరికి?"

అప్పుడు అమ్మమ్మ ఆ మెట్ల మీదే కూలబడి చెప్పింది. మేరీ బర్మా అబ్బాయిని ప్రేమించి, బుద్ధుడి గుడిలో పెళ్ళి చేసుకుని, ఓడెక్కకుండా ఉండిపోయింది. ఊళ్ళో అడిగితే ఏం చెప్పాలో తెలియని ముత్తాత, ఓడలో పోయిందని చెప్పాడు. రూతు చేత బైబిలు మీద చెయ్యి వేయించి, ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు. నేను పుట్టకముందు, బర్మా నుంచి వచ్చిన ఎవరిచేతో మేరీ ఒక ఉత్తరం పంపింది. భర్త పోయాడనీ, సన్యాసం తీసుకుని పోపా కొండ మీద మంచినీళ్ళు పోస్తున్నాననీ రాసింది. అమ్మమ్మ జవాబు రాయలేదు. నాకు చెప్పిన కోతులూ చిరుగంటలూ మంచినీళ్ళ కుండలూ అన్నీ ఆ ఉత్తరంలోవే.

అంతా విని ఆవిడ అడిగింది. "ఏ రోగంతో పోయానన్నారు?"

"జ్వరం."

"నాన్న ఏడ్చారా?"

"ప్రతి ఏడూ ఏడ్చారక్కా. పోయేదాకా ఏడ్చారు."

ఆవిడ ఏడవలేదు. లేచి వెళ్ళి, వరసలో నిలబడ్డవాళ్ళకి నీళ్ళివ్వడం మొదలుపెట్టింది. మావైపు తిరిగి కూడా చూడలేదు. మేము అక్కడే కూర్చున్నాం. మావయ్య ముఖం పాలిపోయి ఉంది. నాకు మాత్రం అమ్మమ్మ మీద పట్టలేనంత కోపం వచ్చింది. నా జీవితంలో నాకు అబద్ధం చెప్పని మనిషి ఒక్కరే అనుకున్నాను, ఆ ఒక్కరూ ఆమే. కాసేపటికి నన్నూ మావయ్యనీ పైకి వెళ్ళి రమ్మంది. వెళ్ళాం. పైన బంగారు గోపురాలు, చిరుగంటలు, చుట్టూ కనుచూపుమేర ఎర్రనేల అన్నీ ఉన్నాయి గానీ నాకేవీ కంటికి ఆనలేదు.

దిగి వచ్చేసరికి అక్కచెల్లెళ్ళిద్దరూ కుండల వెనక ఒకే చాప మీద కూర్చుని ఉన్నారు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. బయల్దేరేటప్పుడు మేరీ అమ్మమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది. చెల్లెలితో మాత్రం ఒక్క మాటే అంది.

"నేను బతికున్నానని ఊళ్ళో చెప్పు. ఇంకేం వద్దు."

ఊరికొచ్చిన మొదటి ఆదివారం, సాక్ష్యాలు చెప్పే సమయంలో, అమ్మమ్మ ఆడవాళ్ళ వరసలోంచి లేచింది. "నేను ఈ సంఘం ముందు యాభై ఏళ్ళుగా అబద్ధమాడాను. మా అక్క చనిపోలేదు. బతికే ఉంది. బౌద్ధ సన్యాసినిగా ఉంది. నేను చూసొచ్చాను," అని నిలబడిపోయింది. హార్మోనియం మీద వాయించేవాడి వేలు ఒకే మెట్టు మీద ఉండిపోయి, ఆ ఒక్క స్వరమే చర్చి అంతా మోగుతూ ఉంది. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆపేశారు. వెనక నుంచి ఎవరో పెద్దావిడ, "అయితే మనం ఇన్నేళ్ళూ కొవ్వొత్తులు వెలిగించింది ఎవరికే?" అంది. నెలల తరబడి చాలామంది మా గుమ్మం తొక్కలేదు. అబద్ధం ఆడినందుకు కాదు, అక్క బౌద్ధ సన్యాసిని అయిందని చెప్పినందుకు. అమ్మమ్మ ఎవరినీ బతిమాలలేదు. తాపీ మేస్త్రిని పిలిచి, ఎండలో గొడుగు వేసుకుని పక్కన నిలబడి, ఆ చిన్న సమాధిని తీయించింది.

ఆ తరవాత ఆదివారాలు కొండ కింద పూలకొట్టు ఆవిడ ఫోన్‌కి చేస్తే మేరీ అమ్మమ్మ మాట్లాడేది. ఫోన్ స్పీకర్లో పెట్టి, ఇద్దరూ సగం తెలుగు, సగం బర్మా కలిపి చిన్నపిల్లల్లా పోట్లాడుకునేవాళ్ళు. నేను ఇంటర్‌లో ఉండగా అమ్మమ్మ గుండెపోటుతో పోయింది. ఆ కబురు చెప్పాల్సింది నేనే. చెప్పాను.

"నువ్వు చూశావా?" అని అడిగింది మేరీ అమ్మమ్మ. "నీ కళ్ళతో చూశావా? మట్టి చెయ్యడం చూశావా?"

"చూశాను అమ్మమ్మా. నేనే పిడికెడు మట్టి వేశాను."

"సరే అయితే," అంది. అప్పుడు ఏడ్చింది.

కొన్నాళ్ళకి బర్మాలో గొడవలు మొదలయ్యాయి. పూలకొట్టు నంబరు మోగడం మానేసింది. ఇప్పటికి ఏళ్ళయింది. మావయ్యకి ఆ దేశంలో తెలిసినవాళ్ళంతా తలోదారి అయిపోయారు. ఊళ్ళో బర్మా నుంచి వచ్చినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు. ఆ భాషలో ఒక ముక్క అర్థమయ్యే మనిషి కూడా మా చుట్టుపక్కల లేదు.

మొన్న మావయ్య బందరు వచ్చినప్పుడు అమ్మతో అన్నాడు. "పెద్దమ్మకి ఎనభై దాటాయి కదా, ఇంకా ఉంటుందా? అయ్యగారితో చెప్పి, ఆదివారం జ్ఞాపకార్థ ప్రార్థన పెట్టించేద్దాం."

అమ్మ నా వైపు చూసింది.

"నేను చూళ్ళేదు మావయ్యా," అన్నాను.

ప్రార్థన పెట్టించలేదు.