సముద్రానికి పోయిన కోళ్ల గంప

మా అవ్వ ఎస్తేరమ్మది ముదిగుబ్బ. పొద్దు గూకితే కోడిపిల్లలన్నిటినీ గంప కింద మూసిన తర్వాతే ఆమె అన్నం తినేది. కోడిపిల్లలు లేని రోజుల్లో నన్ను ఇంట్లోకి తోలి తలుపు మూసేది.

2003లో చర్చివాళ్లతో బస్సెక్కి నెల్లూరు వైపు సముద్రం చూడబోయాము. అవ్వ ఆ గంపనే కడిగి చిత్రాన్నం మూట పెట్టి తెచ్చింది. అది కోళ్ల గంపని నేను ఎవరికీ చెప్పలేదు. అవ్వ సముద్రం చూసి, "ఇదంతా ఉప్పేనా, ఏం లాభం" అని తేల్చేసింది.

సాయంత్రం ఇసుక కదిలి, నిమ్మకాయంత తాబేలు పిల్లలు బిలబిలా బయటికొచ్చాయి.

"వీటి తల్లి యాడుండాదప్పా?" అని అవ్వ అక్కడి తాబేలు గుడ్ల కాపలాదారుని అడిగింది.

"గుడ్లు పెట్టి అప్పుడే సముద్రంలోకి వెళ్లిపోయిందమ్మా. ఇసక వేడికే పిల్లలవుతాయి."

"మా ఎర్రపెట్ట నయం, మేత మాని గుడ్ల మీద కూచుంటాది. పొద్దు గూకుతాంటే పిల్లోల్లని నీళ్లకు తోలేదా?" అంటూ అవ్వ గబుక్కున వాటి మీద ఖాళీ గంప బోర్లించింది.

కాపలాదారు తల పట్టుకున్నాడు. "నీళ్లే వాటి ఇల్లమ్మా. ఆపితే అలిసిపోయి చస్తాయి."

అవ్వ గంప ఎత్తింది. అంతలో కాకులు దిగాయి. అవ్వ చీర ఎగదోపుకుని, గంప గిరగిరా తిప్పి కాకులను తోలుతూ, పిల్లల వెంట మోకాటి లోతు దాకా పోయింది. పెద్ద అల వచ్చి ఆమెను కూలేసింది. నవ్వలేక నేనూ కూలబడ్డాను.

అవ్వ లేచి ముక్కు చీదుకుని, "అన్నీ పోయినాయా?" అంది.

"పోయినాయవ్వా. మన గంప కూడా పాయె."

"పోనీలే. వానొస్తే దాని కింద దూరుకుంటాయి."