షామీర్‌పేట గుట్టల మీద దిగిన అంతరిక్ష నౌక

ఆ సీరియల్ మొదలు కావడానికి నెల రోజుల ముందు నుంచే మా నాన్న మనసు ఒకచోట నిలవడం లేదు. తొంభైల మధ్య మాట ఇది. మేం మేడ్చల్‌లో ఒక మేడ ఇంట్లో పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. నాన్న దగ్గర్లోనే ఒక మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు. ఆ ఉద్యోగం కోసమే కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. నేను తొమ్మిదో తరగతి చదువుతున్నాను.

నాన్నకు ఆకాశమంటే పిచ్చి. నక్షత్రాల గురించి చదువుకోవాలని ఉండేదట. అదేం చదువో ఇంట్లో ఎవరికీ అర్థం కాక కెమిస్ట్రీలో చేర్పించారు. సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి సైకిలుకు స్టాండు వేశాక, మెట్లెక్కకుండా కాసేపు తల పైకెత్తి నిలబడేవాడు. అమ్మ వంటింట్లోంచే, "ఏమండీ, ఇంటికి వచ్చారా, ఇంకా పైనే ఉన్నారా?" అని అరిచేది.

అలాంటి మనిషికి, అంతరిక్షం మీద తెలుగులో సీరియల్ వస్తుందని తెలిస్తే ఎలా ఉంటుంది? టీవీలో ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. నారింజ రంగు ఆకాశం. కింద పెద్ద పెద్ద గుండ్రటి బండలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు. వాటి మధ్య వెండి బట్టలు తొడుక్కున్న ఇద్దరు మనుషులు మెల్లగా నడుస్తుంటారు. అంతే, పావు నిమిషం కూడా ఉండదు.

"ఫారిన్‌లో తీసుంటారు అమ్మడూ. ఏ ఎడారిలోనో," అనేవాడు నాన్న. "మన దగ్గర అలాంటి నేల ఎక్కడుంది?"

మాది నలుపు తెలుపు టీవీ. ఆ నారింజ రంగు మేం చూసింది కింది వాటాలో, ఇంటి ఓనరు గారి కలర్ టీవీలో. ఆయన స్థానికుడు. పొలాలుండేవి, అప్పుడప్పుడే ప్లాట్ల వ్యాపారంలోకి దిగుతున్నాడు. తెల్ల బట్టలు, పాత జీపు, పెద్ద గొంతు. శనివారం నాడు మెట్ల కింద నుంచే కేకేశాడు.

"సారూ! రేపు పదింటికి మా ఇంట్లనే. గంత మంచి సీరియల్ నలుపు తెలుపుల ఏం సూస్తరు? అందరు రాండ్రి."

ఆదివారం పొద్దున నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అమ్మ నవ్వింది. మేం దిగేసరికి ఆ హాల్లో ఇరవై మంది దాకా ఉన్నారు. మా వీధి సగం అక్కడే ఉంది. కుర్చీలు పెద్దవాళ్ళకు, చాపలు మాకు. నేను టీవీకి బాగా దగ్గరగా కూచున్నాను.

ఓనరు గారి తల్లి మాత్రం లోపలికి రాలేదు. డెబ్భై దాటిన మనిషి. ఊరందరికీ ఆమె అవ్వ, మా అమ్మానాన్నలకు మామ్మగారు. టీవీ అంటే ఆమెకు ఏమంత గౌరవం లేదు. "గా టీవీల ఊకె ఏడుస్తరు" అని ఆమె ఫిర్యాదు. వరండాలో పీట మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది.

సీరియల్ మొదలైంది. ఇప్పుడు చూస్తే ఆ నౌక లోపలంతా అట్టముక్కలూ మిణుకు బల్బులూ అని తెలిసిపోతుందేమో. ఆ రోజు మాకు అలా అనిపించలేదు. నౌక ఊగుతుంటే మేమూ ఊగాం. దాని తలుపు పొగలు కక్కుతూ తెరుచుకుని, ఆ నారింజ ఆకాశం తెరంతా నిండినప్పుడు హాల్లో ఇరవై మందీ ఒకేసారి ఊపిరి పీల్చిన చప్పుడు నాకు వినిపించింది. ఓనరు గారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెనక్కి తిరిగి నాన్నను చూశాను. ఆయన కుర్చీ అంచుకు వచ్చి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, బడిలో మొదటి రోజు పిల్లాడిలా ఉన్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

అప్పుడు గుమ్మం దగ్గర నుంచి అవ్వ గొంతు వినిపించింది.

"గది మా గుట్ట గాదా!"

చింతపండు అంటిన చేతులతో అలాగే నిలబడి టీవీ వైపు చూస్తోంది.

"అమ్మా, జర నిమ్మళంగుండు," అన్నాడు ఓనరు. "గది వేరే లోకం."

"లోకమేంది బిడ్డా? షామీర్‌పేట అవతల మా తల్లిగారి ఊరి గుట్ట గది. గాడనే నేను మేకలు గాసిన."

అందరూ నవ్వారు. ఎవరో, "ఆకాశం సూడు అవ్వా, పండు లెక్కున్నది. మన ఆకాశం గట్లుంటదా?" అన్నారు.

"ఆకాశం సంగతి నాకెర్కలేదు. రాయి ఎర్కే."

తెర మీద ఆ ఇద్దరూ రెండుగా చీలిన ఒక పెద్ద బండ ముందు ఆగారు. మనిషి పక్కకు తిరిగితే గానీ పట్టనంత సందు. సంగీతం గుండెలు అదిరేలా మోగుతోంది. ఆ లోకంలో నీటి చుక్క లేదని నౌకలోంచి ఒక ఆడగొంతు అప్పటికే చెప్పింది.

"ఇగ గా సందుల పోతరు," అంది అవ్వ. "పోయినంక ఎడమదిక్కు వంగాలె. లేకుంటే నెత్తి తాకుతది."

ముందున్న మనిషి సందులోకి దూరి, నాలుగడుగులు వేసి, ఎడమ వైపుకు వంగాడు. వెనకవాడు వంగలేదు. వాడి గాజు టోపీ బండకు తగిలి టక్కుమంది.

హాల్లో నవ్వు ఆగిపోయింది. ఇప్పుడు ఎవరూ టీవీ చూడటం లేదు, అవ్వను చూస్తున్నారు.

"ఇగ నీళ్ళొస్తయ్," అంది అవ్వ, ఏమీ ఎరగనట్టు.

వచ్చాయి. సందు దాటగానే బండ మధ్యలో గిన్నెలా గుంట, దాన్నిండా కదలని నీళ్ళు. వెండి బట్టల మనిషి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. అక్కడితో మొదటి భాగం అయిపోయింది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. కథ ముందే ఎలా తెలిసిందని ఓనరు గారి భార్య అత్తగారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. "కథ నాకేమెర్క బిడ్డా? ఎండకాలం మేకలకు గా దోనెలనే నీళ్ళు తాపిన," అంది అవ్వ. రాళ్ళ మధ్య వాన నీరు నిలిచే ఆ గుంటను దోనె అంటారని నాకు అప్పుడే తెలిసింది. ఈ గోలలో నాన్న లేచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అన్నం దగ్గర ఒకే ఒక్క మాట అన్నాడు. "షామీర్‌పేట. బస్సెక్కితే ఎంతసేపు!" అమ్మ నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగిపోయింది. నాకూ లోపల ఏదో వెలితిగానే ఉంది. నెల రోజులుగా దాచుకున్న లోకాన్ని ఎవరో చేతిలోంచి తీసేసుకున్నట్టు.

సాయంత్రం మెట్ల మీద మెల్లగా అడుగుల చప్పుడు. అవ్వ. మోకాళ్ళ నొప్పులతో ఆమె ఏనాడూ మా వాటాకు ఎక్కింది లేదు. గుమ్మంలో నిలబడి ఆయాసం తీర్చుకుని నాన్నను అడిగింది.

"కోపమొచ్చిందా సారూ?"

"అయ్యో, కోపమేంటి మామ్మగారూ. కూర్చోండి."

"నేను నోరు మూసుకుంటే అయిపోతుండె. మస్తు ఖుషీగ సూస్తుంటివి." గోడ పట్టుకుని కూచుంటూ అంది. "వచ్చే ఐతారం తోలుకపోత. నీ కండ్లతోని సూడు. సూసినంక గది వేరే లోకం గాదంటే గప్పుడు జెప్పు."

ఆ మాట నాకు అర్థం కాలేదు. నాన్నకూ అయినట్టు లేదు. కానీ సరే అన్నాడు.

మరుసటి ఆదివారం రెండో భాగం చూసిన వెంటనే ఓనరు గారి జీపులో బయల్దేరాం. నడుపుతూ ఆయన, పక్కన ముందు సీట్లో అవ్వ. వెనక నాన్నా, నేనూ, అమ్మా. దారి పొడవునా ద్రాక్ష తోటలు. షామీర్‌పేట దాటి, మట్టి బాట పట్టి, జీపు ఇక ముందుకు పోదన్న చోట దిగాం. ఎదురుగా బండలు.

ఆకాశం మామూలు నీలంగానే ఉంది. అయినా నా కాళ్ళు ఆగిపోయాయి. మా ఇంటి నుంచి ఇంత దగ్గరలో, ఇన్నేళ్ళుగా, ఇది ఇక్కడే ఉందా? ఏనుగంత బండ ఒకటి కొన మీద నిలబడి ఉంది. దాన్ని ఎవరు ఎత్తారు, ఎందుకు పడిపోవడం లేదు? టీవీలో కన్నా పెద్దవి. టీవీలో వాటి చల్లదనం తెలియలేదు, ఆ నిశ్శబ్దం తెలియలేదు.

కొంచెం దూరంలో ఒకామె మేకలు కాస్తోంది. అవ్వ ఆమె ఇంటిపేరు అడిగి, వాళ్ళ అమ్మమ్మ ఎవరో తేల్చి, షూటింగు సంగతి అడిగింది.

"అయ్యో, నాలుగొద్దులుండిరి," అంది ఆమె. "గా వెండి బట్టలోళ్ళు ఎండకు తట్టుకోలేక మా తాన సల్ల తాగిండ్రు. ఒకడైతే రెండు చెంబులు తాగె."

అమ్మ పకపకా నవ్వింది. ఈసారి నాన్న కూడా నవ్వాడు, వారం రోజుల తర్వాత.

చీలిన బండ దగ్గరికి అవ్వే ముందు నడిచింది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, ఏ రాయి మీద చెయ్యి వేయాలో చూసుకోకుండానే వేస్తూ. మెట్లెక్కడానికి బాధపడే ఆ మోకాళ్ళు ఇక్కడ వేరేలా ఉన్నాయి. సందులో ఆమె ఎడమకు వంగింది, నేనూ వంగాను. వెనక టక్కుమని చప్పుడు, "అమ్మా!" అని నాన్న గొంతు. అవ్వ వెనక్కి తిరగకుండానే, "చెప్పిన గద సారూ," అంది.

దోనెలో నీళ్ళున్నాయి. నాన్న నుదురు రుద్దుకుంటూ వచ్చి దాని పక్కన బండ మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు తీయలేదు. తర్వాత మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టాడు, మాతో కాదు, అవ్వతో.

"మామ్మగారూ, ఈ రాయి వయసెంతో తెలుసా? రెండు వందల కోట్ల ఏళ్ళకు పైమాటే. ఇది పుట్టినప్పుడు భూమి మీద చెట్టు లేదు, గడ్డి లేదు, పురుగు కూడా లేదు. మనం పీల్చే గాలి లేదు. మీరో నేనో అప్పుడు ఇక్కడికి వస్తే ఆ సీరియల్ వాళ్ళలాగే గాజు టోపీ పెట్టుకుని రావాలి. ఆ ఆకాశం నీలంగా ఉండేదో, నారింజగా ఉండేదో..." తల పైకెత్తి చూశాడు. "మీరన్నది నిజం. ఇది వేరే లోకమే."

అవ్వ ఆ బండను కింద నుంచి పైదాకా చూసింది. పుట్టినప్పటి నుంచి తెలిసిన మనిషి గురించి కొత్త మాట విన్నట్టు చూసింది.

"గంత ముసలిదా ఇది!" అంది చివరికి. "దీని మీద కూసొని నేను బువ్వ తింటుంటి."

అక్కడ కూచుని మేమూ తెచ్చుకున్న పులిహోర తిన్నాం. కింద దూరంగా షామీర్‌పేట చెరువు ఎండకు మెరుస్తోంది. తింటున్నంత సేపూ నేను ఆ బండకు వీపు ఆనించి కూచున్నాను. నా వెనక రెండు వందల కోట్ల ఏళ్ళున్నాయని తెలిసి వీపంతా జలదరించడం ఇప్పటికీ గుర్తుంది.

మేడ్చల్‌లో అవ్వకు పేరొచ్చేసింది. ఆదివారాలు ఆమె కుర్చీ టీవీకి ఎదురుగా పడేది. తెర మీద బండలు కనబడగానే, "అవ్వా, ఇగ ఎటు పోతరు?" అని హాలంతా అడిగేది. ఆమె చెప్పేది. ఆరేడు వారాలయ్యాక కథ ఆ లోకం విడిచి నౌక లోపలే తిరగసాగింది. "గీడ నాకేం ఎర్కలేదు," అని ఆమె వరండాలోకి వెళ్ళిపోయింది. జనం కూడా పలచబడ్డారు. ఒక ఆదివారం పదింటికి సీరియల్ బదులు వంటల కార్యక్రమం వచ్చింది. ఆ ఇద్దరూ ఇంటికి చేరారో లేదో మాకెవరికీ తెలియలేదు.

నాన్న బాధపడతాడేమో అనుకున్నాను. కానీ ఆ ఆదివారమే అవ్వ మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. "సారూ, గా రాయి ముచ్చట ఇంకింత చెప్పు," అని గోడకు చేరగిలబడి కూచుంది. రాయి నుంచి భూమికి, భూమి నుంచి సూర్యుడికి, అక్కడి నుంచి చుక్కలకు మాట పోయింది. ఆ తర్వాత ఆదివారాలు అదే మా సీరియల్ అయింది. నాన్న అంత మాటకారి అని నాకు అంతకుముందు తెలియదు. వినేవాళ్ళు లేక ఊరుకున్నాడేమో.

ఒకసారి, లోకాలన్నీ ఎలా పుట్టాయో ఆయన చెబుతుంటే అవ్వ చెయ్యెత్తి ఆపింది.

"ఇవన్ని పుట్టకముందు ఖాళీ ఉండెనంటివి గద. మరి గా ఖాళీ ఏడుండె?"

నాన్న కిటికీలోంచి బయటికి చూశాడు. ఎంత చిన్న ప్రశ్న అడిగినా ఏదో ఒకటి చెప్పకుండా వదలని మనిషి.

"తెలియదు మామ్మగారూ," అన్నాడు. "నాకే కాదు, ఎవరికీ తెలియదు."

"ఎవ్వలకు ఎర్కలేదా?"

"ఎవరికీ."

అవ్వ కళ్ళు పెద్దవి చేసి ఆయన్ని చూసింది. ఆయన ఆమెను చూశాడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు విని అమ్మ వంటింట్లోంచి గరిటెతోనే బయటికొచ్చి, "ఏమైంది, ఏమైంది?" అని అడుగుతూ నిలబడింది.